బుట్ట అందే ఎత్తు

కిందటేడు ఇదే దారి మీద నేనొక యాత్రా కథనం రాశాను. నా పికప్ బండిని నాలుగంగుళాలు పైకి లేపించి, రెండు సైజులు పెద్ద టైర్లు వేయించి, విజయవాడ నుంచి కృష్ణ సముద్రంలో కలిసే చోటి లంకల దాకా వెళ్లొచ్చిన కథ అది. 'ఎవరి సాయమూ లేకుండా రేవు వాలు ఒక్క ఊపులో ఎక్కేశాం' అని అందులో ఒక వాక్యం ఉంది. అది అబద్ధం. ఆ రోజు నా బండి ఖాళీది. నీళ్లు పోటు మీద ఉన్నాయి కాబట్టి ఏరు దాటించే పంటు దిగాక ఎక్కాల్సిన వాలు సగమే మిగిలింది. అన్నీ అంత అనుకూలంగా ఉన్నా చక్రాలు బురదలో ఊరికే తిరుగుతుంటే, రేవులో ఉన్న మగవాళ్లు వెనక చేతులు వేసి తోశారు. వాళ్లను నేను వ్యాసంలోంచి తీసేశాను. వాళ్లుంటే కథ అంత బాగుండదనిపించింది.

ఆ వాక్యం నమ్మి నాంచారయ్య అనే ఆయన తన పికప్‌ను కూడా అలాగే లేపించాడు. నాది షోకు బండి, ఆయనది బతుకు బండి. లంకలో చేపలమ్మే ఆడవాళ్లనూ వాళ్ల బుట్టలనూ రోజూ పొద్దున్నే అవనిగడ్డ బజారులో దించే బండి. నెల తిరక్కుండానే అది కాలువ గట్టు మలుపులో ఒరిగి పడింది. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. చేపలు కాలువ పాలయ్యాయి. నాగేంద్రమ్మ అనే ఆవిడ మణికట్టు విరిగింది.

ఆ రేవులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ బండిలోనైనా మొదటి బుట్ట నాగేంద్రమ్మే పెట్టాలి. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. ఆవిడ బుట్ట పెట్టని బండిలో ఇంకో ఆడమనిషి బుట్ట పెట్టదు. ఆవిడేమో ఆ బండి మొహం చూడనంది. దాంతో నాంచారయ్యకు బుట్టలు ఆగిపోయాయి.

ఆయన నాకు ఫోన్ చేసి తిట్టలేదు. "తమరి వ్యాసం చాలా బాగుందండీ. బండి ఆటోనగర్‌లో ఉంది, ఒకసారి వచ్చి చూసిపోతారా?" అన్నాడు. ఫోన్ పెట్టాక మా ఆవిడకు చెబితే, "రాసింది మీరు, పడింది వాళ్లు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాబట్టి ఈసారి ప్రయాణానికి పని ఒక్కటే. ఆ బండిని సరైన ఎత్తులో నిలబెట్టాలి. నాగేంద్రమ్మ చేత అందులో బుట్ట పెట్టించాలి. ఆ లంక పేరు మాత్రం రాయను. పోయినసారి రాసి చేసిన నిర్వాకం చాలు.

ఆటోనగర్

ఆటోనగర్ చూడనివాళ్లకు చెప్పాలంటే, అక్కడ బళ్ల మధ్య మనుషులుండరు, మనుషుల మీద బళ్లుంటాయి. ఒక లారీ కింద నుంచి రెండు కాళ్లు, ఇంకో లారీ కింద నుంచి సినిమా పాట. టీ ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు గానీ, అడక్కుండానే చేతికి గ్లాసు వస్తుంది.

నాంచారయ్య నలభై దాటిన మనిషి, నల్లగా బక్కగా, నవ్వితే ముందు పన్ను కొంచెం విరిగి కనిపిస్తుంది. అది బండి పడ్డప్పుడు విరిగిందేమోనని నేను బిక్కచచ్చిపోతుంటే, ఆయనే, "ఇది చిన్నప్పుడు కబడ్డీలో పోయిందిలెండి. మీ ఖాతాలో వెయ్యను" అన్నాడు.

మెకానిక్ బాషా బండి వెనక్కి వంగి, ఇరుసుకూ బండి బరువు మోసే కమాన్ పట్టీలకూ మధ్య పెట్టిన నాలుగంగుళాల ఇనప దిమ్మను సుత్తితో తట్టాడు.

"ఇది ఎవరు పెట్టారండి?"

"ఎవరు పెడితే ఏం, పెట్టమన్నది ఈయన" అని నాంచారయ్య నా వైపు చూపించాడు.

నేను అన్నిటికీ సిద్ధపడే వచ్చాను. "దించేద్దాం. ఎంత దించాలో చెప్పండి" అన్నాను.

తేలిగ్గా తేలే లెక్క కాదది. పూర్తిగా కంపెనీ ఎత్తుకు దించేస్తే గొడవ వదులుతుంది కదా అని నా ఆలోచన. నాంచారయ్య ఒప్పుకోలేదు. నీళ్లు పాటు మీద ఉన్నప్పుడు, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, పంటు బల్ల మీంచి రేవు వాలుకు ఎక్కేచోట బండి తోక నేలకు కొడుతుందట. సరుకు వేసే తొట్టి కింద వేలాడే స్టెప్నీ ముందు రాసుకుంటుంది, తరవాత ఇరుసు. "అందుకే కదండీ మీ వ్యాసం చదివి ఎగిరి గంతేసింది. మాకు నిజంగానే ఎత్తు కావాలి. మీరు చెప్పినంత అక్కర్లేదు, అంతే."

బాషా చేతులు తుడుచుకుంటూ, "బాడీ లేపితే బాడీయే లెగిసిద్దండి. ఇరుసు ఎక్కడిదక్కడే ఉంటది. ఇరుసు లెగవాలంటే టైరే పెరగాల" అన్నాడు. ఇన్నాళ్లూ బండిని లేపానని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి, ఆ మాట నాకు తెలీదు.

మధ్యాహ్నమంతా ముగ్గురం టైర్ల కొట్ల చుట్టూ తిరిగాం. నా కళ్లు అలవాటు కొద్దీ పెద్ద గుబ్బల టైర్ల మీదికే పోయాయి. వెడల్పుగా, ఎద్దు మూపురంలా భలేగా ఉన్నాయి. "అవి పెళ్లికొడుకు బూట్లండీ. పొలంలో దిగితే ఊడొస్తయ్" అన్నాడు బాషా. రేవు బురద పైపైదేననీ కింద గట్టి నేలేననీ నాంచారయ్య చెప్పాడు. అలాంటి చోట వెడల్పు టైరు బురద మీద తేలి జారుతుంది. సన్న టైరు బురదను కోసుకుని కింది నేలను పట్టుకుంటుంది. చివరికి కంపెనీ సైజుకు ఒక్క సైజు పైది, సన్నది, లోడు మోసే గట్టి రకం, నాలుగూ ఒకేలాంటివి తీసుకున్నాం. ఇరుసు ఓ అరంగుళం పెరిగింది. దిమ్మలు తీసేసి వెనక ఒక కమాన్ పట్టీ కలిపి, ముందు దానికి తగ్గట్టు సర్దితే బాడీ అంగుళమున్నర లేచింది. స్టెప్నీని తొట్టి కింద నుంచి తీసి క్యాబిన్ వెనక బిగించాడు. ఆ ఒక్క పనితో తోక కింద జానెడు ఖాళీ వచ్చింది. ముందే ఆ పని చేసుకుంటే నా వ్యాసంతో పనే ఉండేది కాదు.

"బ్రేకిన్‌స్పెక్టరు గారు ఒప్పుకుంటారా?" అన్నాను నెమ్మదిగా.

"ముందు అడిగి వచ్చాకే సుత్తి పట్టుకున్నానండి. మీలాగా పని చేసేసి తరవాత రాసే అలవాటు నాకు లేదు."

నాంచారయ్య మళ్లీ పన్ను కనిపించేలా నవ్వాడు. నా బండిని కూడా దింపమని తాళాలు అక్కడే ఇచ్చేశాను.

ఉయ్యూరు, కూచిపూడి

మర్నాడు మధ్యాహ్నం ఆయన బండిలోనే ఇద్దరం బయల్దేరాం. కంకిపాడు దాటాక రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు. మా విజయవాడలో రోడ్డు మీద ఎవరైనా కుర్చీ వేస్తే కొట్టుకుంటాం. ఇక్కడ సగం రోడ్డు ధాన్యానిది, మిగిలిన సగం బళ్లది. ఎవరూ ఏమీ అనుకోరు. ధాన్యం తొక్కకుండా ఎదురుబండికి దారివ్వడం ఒక విద్య. నాంచారయ్య ఒక్క గింజ కూడా తొక్కలేదు.

ఉయ్యూరులో చెరకు రసం తాగాం. గ్లాసు ఇరవై. అల్లం ఎక్కువేశాడు, గొంతు మండింది. టైరు పెరిగింది కాబట్టి ముల్లు చూపించే వేగం కంటే బండి కాస్త ఎక్కువే పోతుందని ఆయనకు గుర్తుచేశాను. "ముల్లు చూసి ఎవరు నడుపుతారండీ, వెనక ఆడవాళ్ల కేకలు విని నడుపుతాం" అన్నాడు. అద్దంలో ఖాళీ తొట్టిని చూశాడు. తొట్టిలో కేకలు లేక అప్పటికి మూడు నెలలు.

కూచిపూడిలో ఇడ్లీ బండి దగ్గర ఆపబోయి స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. ముందు చక్రం దగ్గర గర్రుమని చప్పుడు. ముందుకూ వెనక్కీ తిప్పి చూశాం. అదే గర్రు. గజ్జెల సంచులు పట్టుకుని నాట్యం క్లాసు నుంచి వస్తున్న ఆడపిల్లలు మా బండి సందుకు అడ్డంగా ఉండడంతో నిలబడిపోయారు.

ఇడ్లీలు వేస్తున్న పెద్దావిడ, "నాయనా, ఆ టైరు ఏడుస్తోంది. ఎక్కడ నొప్పో చూడండి" అంది.

పెద్దదైన టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ రేకుకు రాసుకుంటోంది. ఖాళీ బండికే ఇలా ఉంటే, లోడు పడి కిందికి దిగితే పూర్తిగా కోసుకుంటుంది. పోయినేడు నా బండికీ ఇదే చప్పుడొచ్చింది. పాటల సౌండు పెంచుకుని పోయాను. ఈసారి రోడ్డు మీదే బోర్లా పడుకున్నాను. పెద్దావిడ కొబ్బరి కోసే కత్తి ఇచ్చింది. రాసుకుంటున్న అంచును అరచేతి వెడల్పున కోసేశాను. చొక్కా నిండా గ్రీజు. నాంచారయ్య రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాడు. చప్పుడు లేదు. పిల్లలు చప్పట్లు కొట్టి సందులోకి వెళ్లిపోయారు. అల్లం చట్నీతో నాలుగిడ్లీలు తిన్నాను. పెద్దావిడ కత్తిని కడిగి, నా వైపు చూసి, "మెకానిక్కా?" అంది.

"కాదమ్మా, వ్యాసాలు రాస్తాను."

"పోన్లే, ఇదైనా నేర్చుకో."

పంటు

నాగాయలంక దాటి ఏటి ఒడ్డుకు చేరేసరికి సాయంత్రమైంది. నీళ్లు పాటు మీద ఉన్నాయి. రేవు వాలు పూర్తిగా బయటపడి, తడి బురద మెరుస్తూ కనిపించింది. పోయినేడు నేను చూడని రేవు అది. ఇంకో రెండు గంటలు ఆగితే నీళ్లు పెరుగుతాయని పంటు నడిపే ఆయన చెప్పాడు.

"ఆగం" అన్నాను. నీళ్ల పుణ్యమా అని ఎక్కిన ఎక్కుడు నాకు మళ్లీ వద్దు.

పంటు అంటే రెండు పడవల మీద బల్లలు పరిచిన బల్లకట్టు. దాని మీద మా పికప్, రెండు మోటారు సైకిళ్లు, ఒక గేదె, పెళ్లి నుంచి వస్తున్న ఓ కుటుంబం. బండికి నూట యాభై, మనిషికి పది. గేదెకు ఎంతో అడగలేదు. అవతలి ఒడ్డున ముందు చక్రాలు బల్ల దిగాయి, బురదలో ఒక్క క్షణం ఆలోచించాయి, పట్టుకున్నాయి. వెనక చక్రాలు దిగేటప్పుడు నేను ఒడ్డున వంగి తోక కిందికి చూస్తున్నాను. నాలుగు వేళ్ల సందు. నేలకు తగల్లేదు. ఎవరూ తొయ్యలేదు. ఈ వాక్యం నిజం.

రాత్రి భోజనం నాంచారయ్య ఇంట్లో. పీతల పులుసు, ఎండు రొయ్యలు వేసిన వంకాయ, బొమ్మిడాయిల ఇగురు. మా వైపు చుట్టానికి చేప నడిముక్క వేస్తాం. ఇక్కడ తలకాయ వేశారు. దాన్నెలా తినాలో తెలియక తిప్పుతుంటే నాంచారయ్య భార్య మంగమ్మ చూసింది. 

"మీ వ్యాసం ఈయనకి నేనే చదివి వినిపించానండి" అంది హఠాత్తుగా. "రెండుసార్లు చదివించుకున్నాడు. రేవు ఎక్కిన ముక్క మూడుసార్లు. ఇంకో మంచి పుస్తకం తెచ్చి చదివినా బాగుండేది."

"అది అబద్ధమమ్మా" అన్నాను.

"ఇప్పుడు తెలిసిందిగా" అని ఇంకో గరిటె పులుసు పోసింది. "రేపు నాగేంద్రమ్మత్త దగ్గర అబద్ధాలు చెప్పకండి. ఆవిడకు చేప కన్ను చూస్తే ఎప్పుడు పట్టిందో తెలుసుద్ది. మీ కన్నెంతసేపు?"

రేవు, పొద్దున

ఐస్ పెట్టె తొట్టి వెనక భాగంలో ఉంటుంది. అందుకని ఆడవాళ్లు బుట్టలను పక్క తలుపు మీంచి లోపల పెడతారు. నెత్తి మీది బుట్టను చుట్టకుదురుతో సహా ముందుకు వంచి, భుజం మీదుగా తలుపు అంచు మీదికి జార్చి, అక్కణ్ణుంచి లోపలికి. ఇద్దరి సాయం అక్కర్లేదు. నాలుగంగుళాలు లేపి పెద్ద టైర్లు వేస్తే ఆ అంచు నుదుటి దాకా వచ్చింది. బుట్ట జారదు, రెండు చేతులా పైకెత్తాలి. బండి పడకముందే ఆ కొన్ని రోజులూ వాళ్లు దాన్ని తిట్టుకుంటూ ఎత్తారట. మా పేటలో బండిని ముందు నుంచి చూసి బాగుందంటాం. ఇక్కడ పక్క నుంచి చూస్తారు.

పది పన్నెండు మంది బుట్టలతో నిలబడి ఉన్నారు. మధ్యలో నాగేంద్రమ్మ. యాభై అయిదేళ్లుండొచ్చు. పొట్టి మనిషి. కుడి మణికట్టుకు నూనె గుడ్డ చుట్టి ఉంది.

"ఏందిరా నాంచారయ్యా, మళ్లీ ఏనుగును తోలుకొచ్చావా?" అంది.

"ఏనుగు కాదత్తా, దూడ. చూడు."

ఆవిడ బండిని చూడలేదు. నన్ను చూసింది. "తమరేనా రాసింది?"

"నేనేనండి."

"ఎవురూ తొయ్యకుండా ఎక్కానన్నారంట."

"అబద్ధం రాశాను. తోశారు."

"తోసినోళ్లలో మా మరిది ఉన్నాడు. భుజం పట్టేసి రెండ్రోజులు ఏటికి పోలేదు."

"ఆయన కాళ్లు పట్టుకుంటానమ్మా."

"కాళ్లెందుకు, భుజం పట్టండి, నొప్పి అక్కడ" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాగేంద్రమ్మ నవ్వలేదు.

"ఆడి సంగతి ఆడితో తేల్చుకోండి. నా సంగతి చెప్పండి. ఇది మళ్లీ ఒరగదని ఏంటి?"

దిమ్మలు తీయించామనీ ఇంత దించామనీ చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. పొద్దున ఉత్తరంగా వెళ్లే బండికి ఎండ కుడి పక్క నుంచి కొడుతుంది. అందుకని అందరూ ఎడమ వైపే కూర్చుంటారు. కాలువ మలుపు కుడికి తిరుగుతుంది. మనుషుల బరువంతా ఎడమకు పడింది, ఎత్తు బండి ఆపుకోలేకపోయింది. ఇప్పుడు కూడా సగం మంది ఎండ వైపు కూర్చుంటేనే మంచిది.

"పడేసిందిగాక, ఎండలో కూకోమంటన్నాడే!" అంది ఒకామె.

"తప్పు వాళ్లదని కాదమ్మా. కమాన్లు కంపెనీ ఎత్తులో ఉంటే ఎడమన కూర్చున్నా పడేది కాదు. ఇన్నేళ్లు పడలేదు కదా. లేపమని రాసింది నేను."

నాంచారయ్య స్టీరింగ్ దగ్గర కూర్చుని ముందుకే చూస్తున్నాడు. నాగేంద్రమ్మ ఒక్కసారి తల అడ్డంగా ఊపితే ఈ లంకలో ఆయన బండికి పని లేదు.

నాగేంద్రమ్మ బండి దగ్గరికి వచ్చింది. నేను తొట్టిలోకి ఎక్కి చేతులు చాపాను. "ముట్టుకోకండి" అంది. తల వంచింది. బుట్ట భుజం మీదుగా అంచు మీదికి జారింది. ఎడమ చేత్తో నెట్టింది. లోపల పడింది. కుడి చేతికి పని పడలేదు.

"బుట్ట పెట్టాను. నేనెక్కను" అంది. "మేం ఆటోల్లో వస్తాం. చేపల్తో మీరెళ్లండి. క్యాబిన్లో కాదు, ఇక్కడ. ఎండవైపు."

ఆ తరవాత మిగతా బుట్టలు ఒకటొకటిగా జారాయి.

కాలువ మలుపు

చేపల బుట్టల మధ్య ప్రయాణం ఎలా ఉంటుందని అడిగితే, ముందు ప్యాంటు తడుస్తుంది, తరవాత ముక్కు ఊరుకుంటుంది. ఐస్ కరిగిన నీళ్లు కింద పారుతున్నాయి. దారపు కట్టు వదిలిన పీత ఒకటి నా చెప్పును పట్టుకుంది. పంటు దాటేటప్పుడు రూలు ప్రకారం దిగి, మళ్లీ ఎక్కాను. వెనక రెండు ఆటోల్లో ఆడవాళ్లు వస్తున్నారు. ముందు ఆటోలో డ్రైవరు పక్కన నాగేంద్రమ్మ, కళ్లార్పకుండా మా బండినే చూస్తూ.

కాలువ గట్టు మొదలయ్యాక ఎండ నేరుగా మొహం మీద కొట్టింది. అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వాళ్లు ఎడమ వైపు ఎందుకు కూర్చుంటారో అప్పుడు అర్థమైంది. అయినా జరగలేదు.

మలుపు వచ్చింది. నాంచారయ్య గేరు మార్చి నెమ్మదించాడు. కుడికి తిప్పాడు. తొట్టి ఎడమకు వంగింది, బుట్టలు కిర్రుమన్నాయి. నేను ఇటు అంచును రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాను. ఎడమ తలుపు మీంచి కాలువ నీళ్లు కనిపించాయి. ఇంకా వంగుతుందేమోనని చూశాను. వంగలేదు. కమాన్లు ఒక చోట ఆగి, మళ్లీ నెమ్మదిగా పైకి లేచాయి. మలుపు వెనకపడింది.

నాంచారయ్య పక్కకు తీసి ఆపాడు. దిగలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

వెనక ఆటో ఆగింది. నాగేంద్రమ్మ దిగింది. గట్టు అంచు దాకా నడిచి, కాలువలోకి కాసేపు చూసింది. తిరిగొచ్చి బండిని చుట్టి, నేను కూర్చున్న వైపు ఆగింది. కిందికి దూకి చెయ్యి అందిద్దామని లేవబోయాను. అక్కర్లేదన్నట్టు చూసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఎడమ చేత్తో అంచు పట్టుకుని, ఒక కాలు వెనక టైరు మీద పెట్టింది. ఒక్క ఊపున పైకొచ్చేసింది. కొంగు మొహానికి ఎండ తగలకుండా ముందుకు లాక్కుంది.

"జరగండి" అంది.